ట్రిప్పుకీ ట్రిప్పుకీ మధ్య విరిగిన మోకాలు

మంచు మీద జారిపడటం మ్యూనిక్‌లో పెద్ద విశేషమేమీ కాదు. అందుకే ఆ రోజు పడ్డవెంటనే లేచి, ప్యాంటు దులుపుకుని, ఎవరైనా చూశారా అని అటూ ఇటూ చూశాను. ముందు సిగ్గేసింది, నొప్పి ఆ తర్వాత తెలిసింది. ఎడమ మోకాలి లోపల ఏదో కదిలినట్టు అనిపించింది. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

మాది కరీంనగర్. నా భార్య లావణ్య మ్యూనిక్ పక్కనే ఉన్న గార్చింగ్‌లో ఇంజనీరు. బ్లూ కార్డు, అంటే ఉద్యోగ వీసా, ఆమెది; ఆమె వెంట వచ్చినవాణ్ని నేను. యాప్‌లో బుక్ చేసుకుంటే వచ్చే అద్దె కారు నడుపుతాను. అల్లుడేం చేస్తున్నాడని ఎవరైనా అడిగితే మా అత్తమ్మ "ట్రాన్స్‌పోర్ట్‌ల ఉన్నడు" అని గంభీరంగా చెబుతుంది. విన్నవాళ్లకు నాకో పది లారీలున్నట్టు వినబడుతుంది. నిజానికి నేను నడిపే కారు కూడా ఒక చిన్న కంపెనీది. దాని యజమాని అరవై దాటిన జర్మన్ ఆవిడ. డ్రైవర్లందరం ఆమెను షెఫిన్ అంటాం, అంటే ఓనరమ్మ. నవ్వడం తక్కువ. సీటు మీద బిస్కెట్ పొడి కనబడితే మాత్రం నోరు బాగా లేస్తుంది.

మా అద్దె కార్ల పర్మిట్‌లో ఒక నియమం ఉంది. ప్రయాణికుడు దిగాక కొత్త ట్రిప్ రాకపోతే బండి కంపెనీ షెడ్డుకు తిరిగి రావాలి. టాక్సీల్లాగా వీధిలో నిలబడి ఎదురుచూడకూడదు. కానీ మంచు బాగా పడుతున్న రోజుల్లో "రోడ్డు బాగాలేదు, దారిలోనే ఎక్కడైనా ఆగండి" అని షెఫినే చెప్పేది. ఆ రోజూ అలాగే ఒక సందులో ఆగాను. యాప్ ఆన్‌లోనే ఉంది. వెనక అద్దం మీద మంచు గీకుతూ పక్కకు ఒక అడుగు వేశాను. అంతే, పడ్డాను.

ఆ తర్వాత చేసింది అచ్చం మనవాళ్లు చేసే పనే. పచ్చడి సీసాల పక్కన మందుల డబ్బా సర్దుకోకుండా ఈ దేశానికి వచ్చిన తెలుగువాళ్లు ఉంటే చెప్పండి, దండం పెడతాను. డాక్టరు టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఎప్పుడు దొరుకుతుందో ఏమోనని ఆ డబ్బా తీసి నొప్పి మాత్ర మింగి, ఆయింట్‌మెంట్ రాసి, క్రేప్ బ్యాండేజ్ చుట్టాను. ఆటోమేటిక్ కారు కాబట్టి ఎడమ కాలికి పని లేదు. మర్నాడూ ఆ మర్నాడూ మాత్రల మీదే నడిపాను.

మూడో రోజు పొద్దున మంచం దిగబోతే కాలు నిలవలేదు. లావణ్య దుప్పటి తీసి చూసింది.

"ఏందిది, బొప్పాయి లెక్క ఉబ్బింది! ఇన్ని దినాలు నాతోని ఎందుకు చెప్పలే? లే, నడువు. నీ డాక్టరీ చాలు ఇగ."

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశారు, తర్వాత సీటీ స్కాన్. "టిబియల్ ప్లాటో ఫ్రాక్చర్, మోకాలి కింది ఎముక పైభాగం విరిగింది. మొదటి రోజే వచ్చుంటే బ్రేస్‌తో సరిపోయేదేమో. ఇప్పుడు ముక్క పక్కకు జరిగింది, సర్జరీ చేయాలి," అంది డాక్టరు. పనిలో తగిలిన దెబ్బలు చూడటానికి ఇక్కడ ప్రత్యేకమైన డాక్టర్లుంటారు, ఆవిడ వాళ్లలో ఒకరు.

"పనిలో పడ్డారా?" అని అడిగింది.

"లేదు. బండి ఖాళీగా ఉంది. ప్యాసింజర్ ఎవరూ లేరు."

నా లెక్కలో ప్యాసింజర్ ఉంటేనే పని. ఆవిడ రాస్తున్న పెన్ను ఆపింది.

"బండిలో ఎవరున్నారని నేను అడగలేదు. పడ్డప్పుడు మీ చేతిలో ఏముంది?"

"మంచు గీకేది."

"ఎవరి బండి అద్దం గీకుతున్నారు?"

అప్పటికి గానీ నా బుర్ర వెలగలేదు. వెనకాల పేషెంట్లు బారులు తీరి ఉన్నా, ఆ రెండు ప్రశ్నలు అడిగే ఓపిక ఆవిడకు ఉంది. ఇప్పటికీ ఆవిడను తలుచుకుంటే చేతులు జోడించాలనిపిస్తుంది.

ప్లేటు వేసి స్క్రూలు బిగించారు. ఇంటికొచ్చాక రక్తం గడ్డకట్టకుండా రోజూ పొట్టలో హెపారిన్ ఇంజెక్షన్. లావణ్యే వేసేది, కళ్లు మూసుకునేది మాత్రం నేను. ఎముక అతుక్కుంది గానీ మోకాలు కుర్చీలో సరిగా కూర్చునేంత కూడా మడవడం లేదు. "స్కార్ టిష్యూ, గాయం మానేటప్పుడు లోపల పెరిగే గట్టి కండ. గట్టి రిహాబ్ వెంటనే మొదలుకాకపోతే ఇలాగే బిగుసుకుపోతుంది," అన్నాడు సర్జన్. సర్జరీ ఖర్చు ఎలాగూ మామూలు హెల్త్ ఇన్సూరెన్స్ చూసుకుంటుంది. పని ప్రమాదాల బీమా ఒప్పుకుంటేనే కాలు దారికొచ్చేదాకా రిహాబ్ సెంటర్‌లో ఉంచుతారు. లేకపోతే కొద్దిపాటి ఫిజియోథెరపీతో సరిపెట్టుకోవాలి. అలాంటి కాలుతో మళ్లీ కారెక్కగలనా అన్నదే నా భయం.

ఆ బీమావాళ్లకు అనుమానాలొచ్చాయి. ఆ సమయంలో ట్రిప్ లేదు. బండి షెడ్డు దారిలో ఉండాల్సింది, సందులో ఎందుకుంది? మూడో రోజు దాకా డాక్టరు దగ్గరికి ఎందుకు పోలేదు? సొంత పని మీద ఆగాడా? ఓనరు మాట కావాలన్నారు.

"ఎందుకు ఆగిండో నాకు తెల్వదంటే ఆమెకు ఏ తంటా ఉండదు. నేనే ఆగుమన్న అంటే పర్మిట్ మీదికొస్తది. మనకోసం ఆమె ఎందుకు నెత్తిన పెట్టుకుంటది?" అంది లావణ్య. నాకూ అదే అనిపించింది.

మరునాడు మధ్యాహ్నం షెఫిన్ మా ఇంటికొచ్చింది. గుమ్మం దగ్గరే బూట్లు విప్పి, లావణ్య ఇచ్చిన చాయ్ ముందు పెట్టుకుని, బీమా ఆఫీసుకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది.

"దారిలో ఆగమన్నది నేను. అద్దం నా బండిది. యాప్ ఆన్‌లో ఉన్నంతసేపూ అతను నా పనిలో ఉన్నట్టే. ఇంకేమైనా అడగాలా?"

ఇంకేమీ అడగలేదు. ఫోన్ పెట్టేశాక లావణ్య ఉండబట్టలేక "మీ పర్మిట్‌కు ఏమైనా అయితే?" అని అడిగింది.

"అది నాకూ ఆ ఆఫీసుకూ మధ్య సంగతి. ఇతని కాలు మధ్యలో ఎందుకు?" అని చల్లారిన చాయ్ మొత్తం తాగి, "చక్కెర ఎక్కువైంది," అని వెళ్లిపోయింది. ఆమె వెళ్లాక నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

బీమా ఒప్పుకుంది. రిహాబ్ మొదట్లో బాగానే సాగి, ఒక చోట మోకాలు మొండికేసింది. అనస్థీషియా ఇచ్చి వంచాల్సి వచ్చింది. తర్వాత మళ్లీ మొదటినుంచి. ఫిజియోథెరపిస్టు వంచుతుంటే మా తాతముత్తాతలందరినీ కేకేసి పిలిచాను. పాపం ఆయన, అవి తెలుగులో కృతజ్ఞతలనుకున్నాడేమో.

ఇప్పుడు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోలేను. చలి పెరిగితే ప్లేటు ఉన్నచోట సలుపుతుంది. కానీ కారు నడుపుతున్నాను. షెఫిన్‌ను పర్మిట్ ఆఫీసుకు పిలిపించి హెచ్చరించారట. ఆ సంగతి వేరే డ్రైవర్ చెబితే తెలిసింది, ఆమె నాతో ఇంతవరకు అనలేదు. ఇప్పుడు మంచయినా వానయినా ఖాళీ బండ్లన్నీ షెడ్డుకే వెళ్తున్నాయి.

ఈ పనిలో చేరబోయే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక్క మాట. తాళం చేతికి తీసుకునే ముందు ఓనర్‌ను అడగండి: "బండిలో ప్యాసింజర్ లేనప్పుడు నేను పడితే, మీరేం చెబుతారు?" జవాబు రావడానికి ఆలస్యమైతే తాళం ముట్టుకోకుండా వచ్చేయండి.