కలుపాయన బట్టలు

కలుపాయన అంటేనే అతను పలుకుతాడు. అసలు పేరు పెళ్లాం కూడా మరిచిపోయి ఉంటుంది. ఇళ్ల చుట్టూ, పెరళ్లలో మొలిచే విషపు మొక్కలు పీకడం అతని పని. అందులో ముప్పాతిక భాగం వయ్యారిభామే. పేరు చూసి మోసపోకండి. తెల్లటి చిన్న పూలతో అమాయకంగా ఊగుతుంది గానీ, పడని ఒంటికి తగిలిందా, దద్దుర్లు లేచి గోక్కోలేక చావాలి. పుప్పొడి పీలిస్తే ఆయాసం. పూత రాకముందే పిలవండని అతను నెత్తీ నోరూ బాదుకుంటాడు. ఎవరు వింటారు? విరగబూశాకే కబురు పెడతారు.

పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదు. ముందు నేల తడుపుతాడు. గ్లౌజులు, పొడుగు చేతుల చొక్కా, ముక్కుకు గుడ్డ. మొక్కను వేరుతో సహా లాగి, దులపకుండా సంచిలో కుక్కి మూతి బిగిస్తాడు. తగలబెట్టమంటే, ఆ పొగ కూడా చేటేనని ససేమిరా అంటాడు. ఆ ఇంటి పిల్లలు గుమ్మం దిగితే సొంత తాతలా కసురుతాడు. పనయ్యాక అక్కడి కుళాయి దగ్గరే కడుక్కుని, బట్టలు మార్చుకుని, విడిచినవి మూటగట్టి ఇంటికి తెస్తాడు.

ఆ మూట విప్పేది భార్య. "ఇవాళ ఏ వయ్యారిభామ కొంప కూల్చొచ్చావ్?" అని వేళాకోళమాడుతూ చొక్కా దులిపి, నానబెట్టి, చేత్తో రుద్ది ఉతుకుతుంది. ఆమె ఓ దర్జీ కొట్టుకు కాజాలు కుట్టి ఇస్తుంది. అంత సన్నటి కుట్టు ఆ చుట్టుపక్కల ఎవరికీ రాదు. ఆ పనంటే ఆమెకు ప్రాణం. కొన్నాళ్లుగా వేళ్లు పగిలి రసి కారుతున్నాయి. సబ్బు పడలేదన్నాడు మందుల షాపాయన. సబ్బు మార్చారు. మళ్లీ మార్చారు. ఒక తెల్ల చొక్కాకు మరక అంటేసరికి దర్జీ మొహం చిట్లించాడు.

"తొందరగా తగ్గించుకోమ్మా. లేకపోతే ఇంకొకర్ని చూసుకోవాలి," అన్నాడు.

ఆ వారంలోనే కలుపాయన ఓ ఇంటి పెరడు శుభ్రం చేసి మూట చంకన పెట్టుకుంటుంటే, ఇంటావిడ వెనక్కి పిలిచింది.

"మా ఆయన పొద్దున ఆ పొదల్లో తిరిగొచ్చారయ్యా. ఆ చొక్కా పనమ్మాయికి ఉతకడానికి వెయ్యొచ్చా?"

"అయ్యయ్యో, వద్దమ్మగారూ! దులపనివ్వకండి, ఒట్టి చేతుల్తో రుద్దనివ్వకండి. పాపం, ఆ పిల్ల చేతులు..."

మాట అక్కడే ఆగిపోయింది. ఏమైందయ్యా అని ఆవిడ అడుగుతూనే ఉంది. అతను గేటు దాటేశాడు.

మూట గుమ్మం బయటే వదిలి లోపలికి వెళ్లాడు. భార్య కిటికీ దగ్గర, గుడ్డ చుట్టిన వేళ్లతో సూదిలోకి దారం ఎక్కించలేక తంటాలు పడుతోంది. అతను నిలబడే చెప్పేశాడు. సబ్బు వల్ల కాదు, తన బట్టల వల్లేనని. ఇకమీదట తానే ఉతుక్కుంటానని.

ఆమె గుడ్డ విప్పి చేతులు చూసుకుంది.

"ఇంటింటికీ జాగ్రత్తలు చెప్తావుగా. నాకు చెప్తే ఉతకనంటానని భయపడ్డావా?"

అవునంటే సరిపోయేది. నాలుగు తిట్లు తిట్టేది, ఏడ్చేది, అక్కడితో పోయేది. కానీ అతనికి అబద్ధం చేతకాదు.

"లేదు. నాకసలు తోచలేదు."

"ఇన్నేళ్లలో ఒక్కసారి కూడానా?" అందామె.

అతను తల అడ్డంగా ఊపాడు.