హద్దులు మారిన పేజీ

అమీర్‌పేట హాస్టల్లో నా గదిలోని ముగ్గురూ జావా నేర్చుకునేవారు. నేను అరేఖీయ అవకలన సమీకరణాల మీద పరిశోధన చేసేవాణ్ణి: వాటి సాధనలు సున్నాకి అటూ ఇటూ ఊగుతూనే ఉంటాయా, చివరికి ఒక పక్కనే ఉండిపోతాయా అని. ఏం చదువుతున్నావని వాళ్లు ఒకసారి అడిగారు. మళ్లీ అడగలేదు.

థీసిస్ టైపింగ్ పంజాగుట్టలో ఒక డీటీపీ సెంటర్‌కి ఇచ్చాను. ప్రూఫు చూస్తే ఒళ్లు మండింది. నాలుగేళ్లలో నాకు దొరికిన ఒకే ఒక్క ఉపాయం, రెండు సమాకలనాల వరుసను తారుమారు చేయడం. అలా చేస్తే వాటి హద్దులూ మారాలి. టైపు చేసినాయన రెండు లైన్లలోనూ ఒకే హద్దులు కొట్టేశాడు.

"ఎవరు మార్చమన్నారు?" అని అరిచాను.

"పై లైన్ల ఒకటి, కింది లైన్ల ఇంకోటి ఉంటే మీరు తప్పు రాసిండ్రు అనుకున్న భాయ్. మూడుసార్లు చూసిన."

ప్రూఫు వెనక, ఆ సమాకలనాలు పరుచుకునే ప్రాంతాన్ని త్రిభుజంగా గీశాను. అడ్డగీతలతో నింపినా నిలువుగీతలతో నింపినా త్రిభుజం అదే. గీతలు మొదలయ్యే చోటు, ఆగే చోటు మాత్రం మారతాయి; హద్దులంటే అవే. ఆయన కళ్లజోడు పైకి తోసుకుని చూశాడు.

"గిదే జర రాయుండ్రి భాయ్, చదివేటోళ్లకు సమజైతది."

చదివేవాళ్లట! అయినా అక్కడ ఒక వాక్యం చేర్చి ఇచ్చాను. మా గైడు ఆ అధ్యాయం పేజీలు తిప్పకుండానే సంతకం పెట్టారు. వైవాలో ఆ పేజీ ఊసే రాలేదు. ఇన్నేళ్లయినా దాని గురించి నన్నెవరూ అడగలేదు. నాకు తెలిసి ఆ వాక్యం చదివింది ఆ డీటీపీ ఆయనొక్కడే, అదీ టైపు చేస్తూ.