వాగు మూతి కాడ యిర్మియా బావ

యిర్మియాను ఏం అడిగినా అల సంగతే చెప్పేవాడు.

గోదావరిఖనికి దిగువన ఒక వాగు గోదావరిలో కలిసేది. ఆ మూతి దగ్గర, ఇసుక తిన్నె మీద, రెండు నీళ్లూ తన్నుకుని లేచేవి. సముద్రం ముఖం చూడని యిర్మియాకు అదే సముద్రం. గనిలో డ్యూటీ దిగగానే అక్కడికి పోయి, ఒడ్డున గొంతుక్కూర్చుని, ఆ నీళ్లను పిల్లను చూడవచ్చిన పెళ్లికొడుకులా చూసేవాడు. తిరిగొచ్చి అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ వార్త చెప్పేవాడు.

"గాలి ఎట్లస్తుందయ్యా లోపల?" అని గనిలో ఓవర్‌మన్ అడిగితే, "పడమటి దిక్కు సార్, అలకు మస్తు మంచిది" అన్నాడు. దవాఖానలో డాక్టరు "కడుపునొప్పి ఎట్లుంది?" అంటే, "రెండు చిన్నగ లేస్తయి సార్, మూడోది పెద్దగ లేస్తది" అన్నాడు. డాక్టరు మందు రాయబోయి ఆగి, "దేని గురించి చెప్తున్నవ్?" అని అడగాల్సి వచ్చింది.

ఎండాకాలం వాగు ఎండిపోయి ఇసుకే మిగిలినా పోవడం మానేవాడు కాదు.

"అన్నా, అల ఎట్లుంది?" అని పక్క క్వార్టర్ గట్టయ్య ఏడిపించేవాడు.

"సెలవుల ఉంది. మిరుగం కార్తెల వాన పడంగనే డ్యూటీ ఎక్కుతది."

ఇదంతా భార్య సుగుణమణి ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది ఆదివారాన్ని. వానకాలం వస్తే చాలు, ఆదివారం చర్చికి ప్రసంగం సగమయ్యాక, తడి తలతో, చెప్పులు చేతపట్టుకుని వచ్చేవాడు. ఒకసారి పాస్టరుగారు ప్రభువు తుఫానును గద్దించిన సంగతి చెబుతూ, గొంతు పెంచి, "అప్పుడు ఆ అలలు ఏమైనవి?" అన్నారు. వెనకనుంచి యిర్మియా జవాబిచ్చాడు: "పొద్దుగాల బాగనే ఉండె అయ్యగారు!"

సుగుణమణి కొంగు ముఖాన కప్పుకుని ఇంటికి వచ్చింది. వెంటనే రామకృష్ణాపూర్‌లో ఉన్న తమ్ముడు సామ్యేల్‌కు కబురు పెట్టింది. తల్లి అక్కడే ఉంది, ఈ మధ్య మంచం దిగడం లేదు. యిర్మియాతో బదిలీ మార్చుకోవడానికి అక్కడి గనిలో ఒక మనిషి సిద్ధంగా ఉన్నాడు. యిర్మియా ఒక్కడే సిద్ధంగా లేడు.

"ఆడ వాగు మూతి లేదు కద" అన్నాడు, బావమరిది రాగానే.

"చూసినవా తమ్మీ! నేనైతె అమ్మ దగ్గరికి పోత. ఈయన వస్తడో, అలతోని కాపురం చేస్తడో నువ్వే తేల్చు" అంది సుగుణమణి.

తేల్చడానికి వచ్చిన సామ్యేల్, మర్నాడు ఆదివారం బావ వెంట వాగుకు వెళ్లాడు. అక్కడే అతని బుర్ర తిరగడం మొదలైంది.

రాత్రంతా వాన. వాగు ఎర్రగా పొంగి, మూతి దగ్గర మనిషెత్తు అలలు లేస్తున్నాయి. అవతలి ఒడ్డున గంపతో ఒక ముసలమ్మ నిలబడి ఉంది. యిర్మియా రెండు చేతులూ ఊపుతూ అరిచాడు. "అవ్వా! ఇయ్యాల అల లేదు! ఇంటికి మర్లిపో!"

"లేదంటవేంది బావా? గంతగనం లేస్తుంటె!"

"గవి అలలు గావు. గడబిడ" అని యిర్మియా వెనుదిరిగాడు. ఆ రోజు చర్చికి అందరికంటే ముందు చేరాడు.

సామ్యేల్ సెలవు పెంచుకుని వారం ఉన్నాడు. మళ్లీ ఆదివారానికి వాగు పొంగు తీసింది. నీళ్లు ఛాతీ లోతున మెల్లగా కదులుతున్నాయి. యిర్మియా ముఖం వెలిగిపోయింది.

"సూడు సామ్యేలూ! దొర అల! ఉత్తర కార్తెల ఇట్లనే ఉంటది!"

"ఏది బావా?"

"గదే."

"గదా! మా ఇంట్ల బిందెల గంతకన్న పెద్దగ లేస్తది."

యిర్మియా వినిపించుకోలేదు. పాత తలుపు చెక్కకు నాలుగు ఎండు సొరకాయ బుర్రలు కట్టినది పొదల్లోంచి లాగి, నీళ్లలో వేసి, దాని మీద బోర్లా పడుకుని అవతలికి పోయాడు. వచ్చేటప్పుడు చెక్క మీద ఆ ముసలమ్మ, లస్మవ్వ, బీరకాయల గంప ఒళ్లో పెట్టుకుని జమీందారిణిలా కూర్చుంది. యిర్మియా మెడదాకా మునిగి ఈదుతూ వెనకనుంచి నెడుతున్నాడు.

"ఇయ్యాల సరిగ్గ ఊగలేదు కొడుకా" అని దిగుతూ తప్పు పట్టిందామె. యిర్మియా తలాడించి చెక్క కట్టడానికి పోయాడు.

"ఎప్పుడూ బావనే దాటిస్తడా అవ్వా?" అన్నాడు సామ్యేల్.

లస్మవ్వకు కోపం వచ్చింది. "ఆయన నన్ను దాటిచ్చుడేంది? నేను ఆయనను ఆడిస్తున్న! ముంగట బరువు లేకుంటె చెక్క అల పట్టదని, జర కూసోవా అవ్వా అని బతిమాలుకున్నడు. పిచ్చోడు కద, కాదంటె మనసు చిన్నబుచ్చుకుంటడు." ఆమె గంప నెత్తికెత్తుకుంది. "మా పెద్దోడు బండి కట్టి చుట్టు తిరిగి తీస్కపోత అంటడు. నేను బండెక్కితె ఈయన చెక్క మీద ఎవలు కూసుంటరు?"

ఆమె ఆదివారం సంతకు, అంగడి వైపు, పోగానే సామ్యేల్ బావను నిలదీశాడు.

"ముందటేడు వాగుల అవ్వ గంప కొట్టుకపోయింది. మనిషి వెంట్రుకవాసిల మిగిలింది" అన్నాడు యిర్మియా తల తుడుచుకుంటూ. "దాటిస్త అవ్వా అంటె, నా కాళ్లు పడిపోయినయా అని తిట్టింది. ఇట్ల అంటెనే కూసుంటది."

"అక్కకైన చెప్పద్దా?"

"మీ అక్కకు చెప్తె అంగట్ల తెలుస్తది. అంగట్ల తెలిస్తె అవ్వకు తెలుస్తది."

"అంటె అల ముచ్చటంత అబద్ధమా?"

యిర్మియా నొచ్చుకున్నాడు. "అబద్ధమెట్లయితది? మిగిలిన దినాలు నేను అలనే సూస్త!"

ఎవరు ఎవరిని దాటిస్తున్నారో, ఎవరి పిచ్చిని ఎవరు భరిస్తున్నారో సామ్యేల్‌కు ఎంత ఆలోచించినా లెక్క కుదరలేదు. అంగడి ముగించుకుని వచ్చిన లస్మవ్వ అతన్ని పైనుంచి కిందికి చూసి, "ఓ పిలగా, నువ్వు గూడ కూసో. బరువుంటె బాగ ఊగుతది, మీ బావ సంబురపడుతడు" అంది. కాదనడానికి కారణం తట్టక కూర్చున్నాడు. పోయాడు, వచ్చాడు.

ఇంట్లో అక్కకు, ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టించుకుని, అంతా చెప్పాడు. సుగుణమణి చేతిలో చాట కింద పెట్టింది.

"ముసలామెకు ఈతస్తదా?"

"రాదు."

"మీ బావకు?"

"మస్తస్తది."

"నీకు?"

"రాదక్కా."

"మరి ఎట్ల కూసున్నవ్‌ర!"

అప్పుడు గుర్తొచ్చింది సామ్యేల్‌కు. పొడి నేల మీద నిలబడ్డవాడు కాస్తా గోడ పట్టుకుని మెల్లగా కూలబడ్డాడు.

సుగుణమణికి నవ్వాగలేదు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని, "బదిలీ వద్దని చెప్పు ఆయనకు. అమ్మనే ఈడికి తోలుకరా, నేనే సూసుకుంట" అంది.

"సరే అక్కా."

"రైలుల తోలుకరా" అంది వంటింట్లోకి పోతూ. "చెక్క మీద గాదు."