కౌంటీ గీత దాటిన కుర్రాడు

మా కౌంటీ లైబ్రరీ కింది అంతస్తులో నెలకోసారి మధ్యాహ్నం పూట ఒక సమావేశం జరుగుతుంది. పోలీసులు, స్కూళ్ళవాళ్ళు, కోర్టు తరఫున పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే అధికారులు, పార్కులు చూసేవాళ్ళు, అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. కుర్రాళ్ళు గ్యాంగుల్లోకి జారకుండా, కొట్లాటలు తుపాకుల దాకా పోకుండా ఎవరేం చేయాలో పంచుకుంటారు. చికాగో శివార్లలో తెలుగు కుటుంబాలు పెరిగాయి కాబట్టి మా మనిషి ఒకడుండాలని నన్ను పిలిచారు. జీవితమంతా దినపత్రికలో గడిపినవాణ్ణి. మూల కుర్చీలో కూర్చుని వినడం నాకు అలవాటే.

నాకు బాగా తెలిసిన ఇంటి సంగతి ఆ బల్ల మీదికి వస్తుందని మాత్రం అనుకోలేదు. కుర్రాడికి పదిహేడేళ్ళు. మార్కులకు లోటు లేదు. తండ్రి కారులో స్నేహితుల్ని తిప్పేవాడు. వాళ్ళలో కొందరికి ఒక గ్యాంగుతో తిరుగుడు ఉంది. ఒకరోజు పార్కింగ్ లాట్‌లో కొట్లాట జరిగింది. కారు నడిపింది ఇతనే. ఆ వీడియో అందరి ఫోన్లలోకీ పాకింది. ఇతని సంగతీ, ఇతని ప్రాణస్నేహితుడి సంగతీ తేలుస్తామని అవతలి గుంపు బెదిరించింది.

రెండు గుంపులనూ కూర్చోబెట్టి మాట్లాడించడానికి కౌంటీకి ఒక కార్యకర్త ఉంది. యాభై దాటిన నల్లజాతి మహిళ. గొంతు ఎప్పుడూ పెంచదు. ఆమె ఆ ఇంటికి వెళ్ళిన సాయంత్రం నేనూ వెళ్ళాను. కుర్రాడి తల్లికి ఇంగ్లీషు రాక కాదు, భయంతో మాట పెగలడం లేదని నన్ను రమ్మంది. తల్లి టీ, జంతికలు పెట్టింది. ఎవరూ ముట్టుకోలేదు.

తండ్రి నాతోనే మాట్లాడాడు. "అన్నా, మా కంపెనీకి టెక్సస్‌లో, ప్లేనోలో ఆఫీస్ ఉంది. ట్రాన్స్‌ఫర్ అడిగేశా. అక్కడి స్కూల్ రేటింగ్ పదికి పది. మంచి స్కూల్ డిస్ట్రిక్ట్‌లో పడితే వాడే సెట్ అయిపోతాడు."

"వాడు తగువు పెట్టుకునేది ఫోన్‌లో అండీ. ఫోన్ ప్లేనో రాదా?" అంది తల్లి.

"నువ్వు ఊరుకో. గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. పోలీస్, కౌంటీ అంటుంటే నాకు చెమటలు పడుతున్నాయి."

మెట్ల మీంచి కుర్రాడు అరిచాడు. "నాన్నా, ఐయామ్ రైట్ హియర్! నన్ను అడగరా?"

"నువ్వు అడిగితేనే కదరా కారిచ్చింది!"

కార్యకర్త చెప్పింది ఒక్కటే. వెళ్ళడం తప్పు కాదు, కానీ మాటలు ముగిసేదాకా ఆగండి. ఇప్పుడు ఇతను మాయమైతే భయపడి దాక్కున్నాడనుకుంటారు, ఆ కోపమంతా ఇక్కడ మిగిలిన స్నేహితుడి మీద పడుతుంది. నేను తెలుగులో మళ్ళీ చెప్పాను. తండ్రి తల ఊపాడు. ఆ ఊపులో ఒప్పుకోలు లేదు.

మనవాళ్ళకు స్కూల్ రేటింగ్ మీద ఉన్న నమ్మకం ఏ దేవుడి మీదా ఉండదు. దాన్ని చూసే ఇల్లు కొంటారు, దాన్ని చూసే అమ్ముతారు. పిల్లవాడికి ఏ జబ్బు చేసినా స్కూల్ డిస్ట్రిక్ట్ మార్చడమే మందు. మాటలు మొదలు కాకముందే ఆ కుటుంబం ప్లేనో వెళ్ళిపోయింది.

తరువాతి సమావేశంలో, దాన్ని నడిపే అధికారి వైట్‌బోర్డు మీద ఆ కుర్రాడి పేరున్న వరుసను తుడిచేశాడు. "ఇది మన కౌంటీ పరిధి దాటింది. టెక్సస్‌కి తెలియజేశాం."

గదిలో అందరూ కాస్త తేలికపడ్డారు. నాకు పత్రికలో మా జిల్లా ఎడిషన్ గుర్తుకొచ్చింది. ప్రమాదం జిల్లా గీతకు అవతల జరిగిందని తేలితే మా పేజీ ఊపిరి పీల్చుకునేది. మనుషులు పోయింది నిజమే, కానీ అది పక్క పేజీ వార్త.

"టెక్సస్‌లో ఎవరికి?" అని అడిగింది కార్యకర్త.

"మెయిల్ పెట్టాం."

"ఇక్కడున్న స్నేహితుణ్ణి మొన్న కొట్టారు. దవడ విరిగింది. అది కూడా పెట్టారా?"

అధికారి తన మెయిల్ తెరిచి చూస్తుండగా నా ఫోన్ మోగింది. ప్లేనో నుంచి తల్లి.

"అన్నయ్యా, వాడు ఆబ్సెంట్ అని స్కూల్ నుంచి కాల్ వచ్చింది. పొద్దున్నే బ్యాగేసుకుని వెళ్ళాడు. నా ఫోన్ ఎత్తట్లేదు. ఆ పిల్లాణ్ణి కొట్టారని తెలిసినప్పట్నుంచి అన్నం ముట్టలేదన్నయ్యా."

నేను చెప్పీ చెప్పకముందే కార్యకర్త కుర్రాడికి ఫోన్ కలిపి, స్పీకర్ వేసి బల్ల మీద పెట్టింది. ఎత్తాడు. వెనక బస్సు హోరు. చికాగో బస్సులో, టెక్సస్ దాటి ఓక్లహోమాలో ఎక్కడో ఉన్నాడట.

"వాడు నా వల్ల తన్నులు తిన్నాడు. నేను వస్తున్నా," అన్నాడు.

"బ్యాగులో ఏముంది?" అని అడిగింది ఆమె.

"ఎందుకు?" అన్నాడు ముందు. "బట్టలు," అన్నాడు చివరికి. బట్టలేనా అన్నట్టు బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"బస్సు దిగేచోట నేనుంటాను. నన్ను కలవకుండా అడుగు వేయకు."

"అంకుల్ ఉన్నాడా అక్కడ?" అన్నాడు కుర్రాడు. తరువాత వచ్చీరాని తెలుగులో, "అంకుల్, డాడ్‌కి చెప్పొద్దు."

"మీ అమ్మ అవతలి లైన్లో ఏడుస్తోంది. ఆమెకు చెప్తాను," అన్నాను.

"ఓకే," అన్నాడు. గొంతు చిన్నపిల్లాడిది.

బస్ స్టేషన్‌కి ఎవరు వెళ్ళాలో మాట్లాడుకోవడం మొదలైంది. పోలీసు అధికారి యూనిఫాం లేకుండా వస్తానన్నాడు, కానీ దూరంగానైనా ఉండి తీరాలన్నాడు. స్నేహితుడి ఇంటికి స్కూల్ కౌన్సెలర్ వెళ్తానంది. ఇన్ని నెలల్లో ఆ బల్ల దగ్గర అంత త్వరగా పనులు పంచుకోవడం నేను చూడలేదు. అధికారి మార్కర్ తీసి, తుడిచేసిన వరుసను మళ్ళీ రాశాడు. కౌంటీ అన్న గడి దగ్గర చెయ్యి ఆగింది.

"ఇప్పుడతను ఏ కౌంటీలో ఉన్నట్టు?"

గడి ఖాళీగా వదిలేశాడు. బల్ల మీద ఫోన్లో బస్సు నడుస్తూనే ఉంది.