పాటల ప్లంబరు

ఆయన పేరు చెబితే వీధిలో ఎవరూ గుర్తుపట్టరు. 'పాటల ప్లంబరు' అంటే మాత్రం చంటిపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. పాటంటే గొప్ప సంగీతమనుకునేరు! శ్రుతిది ఒక దారి, లయది ఇంకో దారి. స్నానాల గదిలో గొంతు గింగురుమంటుంది కాబట్టి, ఎవరింట కుళాయి బాగుచేసినా ఓ పాట అందుకునేవాడు. పని త్వరగా అయిపోతే బాగుండునని ఆ ఇంటివాళ్లు దణ్ణాలు పెట్టుకునేవాళ్లు.

చివరికంటా ఒళ్లు వంచి పనిచేసిన ఆ మనిషి, ఒక మధ్యాహ్నం కునుకు తీస్తూనే వెళ్లిపోయాడు. కొన్నాళ్లకు ముగ్గురు కూతుళ్లూ తల్లి వంటగదిలో చేరారు. ఇక ఏడుపులే అనుకుంది చిన్నకూతురు. తీరా చూస్తే తల్లే నవ్వుతూ మొదలుపెట్టింది.

"మా కుట్టుమిషన్ల షెడ్డులో కుళాయి కారుతోందంటే వచ్చాడు మీ నాన్న. బాగుచేసి వెళ్లాడు. మర్నాడు మళ్లీ ప్రత్యక్షం! 'మళ్లీ కారుతోందని ఎవరన్నారు?' అన్నాను. 'ఎవరూ అనలేదండీ, కారుతుందేమోనని' అన్నాడు."

"మరి నువ్వేం చేశావే అమ్మా?"

"ఏం చేస్తాను? మూడోరోజు నేనే వాషరు ఊడబీకి పెట్టాను."

వంటగదంతా గొల్లున నవ్వింది.

ఆయనకు పగలు ఆసుపత్రిలో పైపుల పని, సాయంత్రం ఇళ్లల్లో పని. ఒళ్లు హూనమైనా గుమ్మంలో బూట్లు విప్పుతూనే "నా మేస్త్రీలేం చేస్తున్నారు?" అని కూతుళ్లను కేకేసేవాడు. తల్లి పొద్దున్నే షెడ్డుకు వెళ్లేది కనుక పిల్లలకు జడలు వేయడం ఆయన వంతే. పైపు బిగించినట్టు బిగించేవాడు. "నాన్నా, కళ్లు మూతపడట్లేదు!" అని పెద్దది మొత్తుకుంటే, "మంచిదేగా, బళ్లో నిద్రపోవు" అనేవాడు.

చిన్నకూతురికి మాత్రం బడిలో నాటకం రోజు కళ్లముందు ఆడింది. అదే చెప్పసాగింది. ఆమెది మహారాణి వేషం. తండ్రి ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ముందు వరసలో కూర్చున్నాడు. తెర లేవబోతుండగా వేదిక వెనక పైపు పగిలింది. అట్టముక్కల కోట తడిసిపోతోంది. నాటకం ఆపేద్దామన్నాడు హెడ్మాస్టరు.

"ఆపడమేంటండీ! మా పిల్ల వారం నుంచి నిద్రలో కూడా రాజ్యమేలుతోంది" అంటూ తండ్రి చొక్కా చేతులు పైకి మడిచి లోపలికి పరిగెత్తాడు. కాసేపటికి తెర వెనక నుంచి పాట వినబడింది. హాలంతా నవ్వులు. నీళ్లు ఆగాయి. నిలువునా తడిసిన ఆయన వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు.

మహారాణి ప్రవేశించి, "మహామంత్రీ, మన రాజ్యంలో వానలు సరిగా కురుస్తున్నాయా?" అంది.

మంత్రి నోరు తెరిచేలోగా ముందు వరస నుంచి జవాబొచ్చింది. "పుష్కలంగా, మహారాణీ!"

తండ్రి చొక్కా అంచు పిండుకుంటున్నాడు. జనం కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. మహారాణికీ నవ్వాగలేదు, కిరీటం జారి ముక్కు మీదికొచ్చింది. అంతవరకూ 'ప్లంబరు కూతురు' అంటే ఆమెకు చిన్నతనంగా ఉండేది. ఆ సాయంత్రం మాత్రం ఆ తడిచేయి పట్టుకుని, అందరికీ కనబడాలని, వీధి పొడవునా కావాలనే మెల్లగా నడిచింది.

ఇదంతా చెప్పి ఆమె కళ్లు తుడుచుకుంది. ఆ తడి నవ్వుదో ఏడుపుదో ఆమెకే తెలియలేదు.

"జరగవే, నాకు సైకిలు నేర్పిన సంగతి నేను చెబుతాను" అంటూ రెండోది కుర్చీ ముందుకు లాక్కుంది.