డాలా మీద మూడో దెబ్బ

దయ్యాల సంగతి ఎవరైనా ఎత్తితే నాకు మొదటి నుంచీ విసుగే. మా ఇంట్లో గిన్నె పడితే పిల్లి అంటాం, తలుపు కొట్టుకుంటే గాలి అంటాం. నన్ను పెంచిన చిన్నమ్మ ఇంకా ఘాటు. "సచ్చినోళ్లకు వేరే పనుండదారా, మన ఎంబడి తిరగనీకి?" అంటుంది. ఆమె చేతుల్లో పెరిగినవాణ్ని, నాకెక్కడి నుంచి వస్తుంది నమ్మకం? ఇప్పటికీ నమ్మకం కుదిరిందని చెప్పను. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఆ రోజు బండిలో చిన్నమ్మ కూడా ఉంది కాబట్టి నా ఒక్కడి భ్రమ అని కొట్టేయడానికి లేదు.

నేను వికారాబాద్ వైపు పొలాలకు డ్రిప్ పైపులు వేయిస్తుంటాను. వాన పడ్డాక నల్లరేగడిలో మామూలు బండి కదలదు. అందుకని నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందే పికప్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇంజన్ బాగుంది, ఎత్తు బాగుంది. షాకబ్జర్లు మాత్రం నా దగ్గరికి వచ్చేసరికే చచ్చిపోయి ఉన్నాయి. చిన్న గుంతలో పడ్డా నాలుగైదు సార్లు ఊగితే గానీ బండి నిలబడేది కాదు. పొలం గట్ల మీద తిరిగేవాడికి అదొక లెక్కా అని వదిలేశాను.

ఇంతలో చిన్నమ్మ నడుముకు ఆపరేషన్ అయింది. మా ఇల్లు నాంపల్లిలో. వారానికి రెండు సార్లు ఆబిడ్స్‌లో ఒక పాత కాంప్లెక్స్‌లో ఉన్న ఫిజియోథెరపీకి తీసుకెళ్లాలి. ఆటోలో వంగి కూర్చోవడం ఆమె వల్ల కాదు. ఉన్నది ఈ పికప్పే.

మొదటి రోజు స్టేషన్ రోడ్డు దాటేలోపే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏందిరా గిది, బండా ఊయలనా? డాక్టర్ ఏసిన కుట్లు నువ్వే ఇప్పేటట్టున్నవ్" అంది. నేను నవ్వబోయి ఆగిపోయాను. నాకు ఏడాదిన్నర వయసప్పుడు మా అమ్మ పోయింది. అప్పటి నుంచి నన్ను మోసిన నడుము అది. చాలా సిగ్గుపడ్డాను.

ఆ సాయంత్రమే స్టేషన్ వెనక గల్లీలో రసూల్ భాయ్ దగ్గరికి బండి తీసుకెళ్లాను. అరవై దాటిన మెకానిక్. మాట తక్కువ, చేతికి తొందర లేదు. వెనక ఎడమ మూల మీద రెండు అరచేతులూ ఆనించి బలంగా అదిమి వదిలాడు. బండి లేచింది, దిగింది, మళ్లీ లేచింది.

"ఒక్కసారి లేవాలె, ఊకోవాలె. గిది నాల్గు సార్లు ఎగిరింది. షాకబ్జర్లు కావు సాబ్, ఖాళీ డబ్బాలు" అన్నాడు.

నిజమే. విప్పి చూపిస్తే నాలుగింటిలోనూ ఆయిల్ ఎప్పుడో కారిపోయి పైన మట్టి గడ్డకట్టి ఉంది. రబ్బరు బుష్‌లు వేలితో నలిపితే పొడి అయ్యాయి. తుప్పు పట్టిన బోల్టులకు కిరోసిన్ పోసి ఒక రోజంతా నాననిచ్చాడు. కొత్తవి ఎక్కించాక కూడా వెంటనే బిగించలేదు. బండిని జాకీల మీద నుంచి దింపి, దాని బరువు దాని మీద పడ్డాకే చివరి బిగింపు వేశాడు. గాల్లో బిగిస్తే రబ్బరు మెలిపడి చిరిగిపోతుందట. నాకు ఆ ఓపిక నచ్చింది.

అంతా అయ్యాక నన్ను సీట్లో కూర్చోమన్నాడు. తాళం ముట్టుకోవద్దన్నాడు. వెనక ఎడమ మూల, వెనక కుడి మూల, తర్వాత ముందు కుడి, ముందు ఎడమ. ఒక్కో మూలనూ ఒక్కసారే అదిమాడు, వదిలాడు, అది నిలబడేదాకా ఆగాడు. తర్వాత వెనక్కి వెళ్లి వెనక తలుపు మీద, వీళ్లు డాలా అంటారు, వేలి కణుపులతో రెండు సార్లు కొట్టాడు. ఆ చప్పుడు వినబడ్డాకే ఇంజన్ స్టార్ట్ చెయ్యాలి. అది అతని పద్ధతి.

"ఏం మంత్రం భాయ్ ఇది?" అని ఆటపట్టించాను.

"మంత్రం కాదు, ఆదత్, అలవాటు. మా ఉస్తాద్ నేర్పిండు" అన్నాడు. అంతకు మించి నేను అడగలేదు.

మర్నాడు చిన్నమ్మ దారిలోనే కునుకు తీసింది. దిగేటప్పుడు, "గిప్పుడు బండి లెక్కున్నది" అంది. ఆమె నోట మెచ్చుకోలు అంటే సంక్రాంతికి వాన పడ్డట్టే. పొంగిపోయాను.

ఇక ఆ కాంప్లెక్స్ సెల్లార్ గురించి చెప్పాలి. ఆబిడ్స్‌లో పాత బిల్డింగుల సెల్లార్లు చూసినవాళ్లకు కొత్త కాదు. ఇరవై కార్ల చోట నలభై పెడతారు. ఒకదాని వెనక ఒకటి. అందుకే అక్కడ ఒక కట్టడి ఉంది. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వదిలేసి, టైరు కింద ఒక ఇటుక ముక్క పెట్టి వెళ్లాలి. లోపలి బండి వాళ్లు వస్తే ఇటుక తీసి అడ్డంగా ఉన్నదాన్ని తోసుకుంటారు. మనవాళ్ల తెలివి. నేనూ అలాగే పెట్టేవాణ్ని, ఎన్నడూ ఇబ్బంది రాలేదు.

మొన్నటి వానాకాలంలో ఒక మధ్యాహ్నం, మూడు గంటలప్పుడు. థెరపీ అయ్యాక లిఫ్టులో సెల్లార్‌కు దిగాం. మా బండి లోపలి మూలలో, గోడకు ముఖం పెట్టి ఉంది. నా తలుపు పక్కన స్తంభం. పొట్ట లోపలికి లాక్కుంటే గానీ ఎక్కలేను. చిన్నమ్మను ఎడమవైపు నుంచి మెల్లగా ఎక్కించి బెల్టు సర్దాను. మా వెనక ఒక చిన్న తెల్ల కారు అడ్డంగా ఉంది. తోశాను. కదల్లేదు. ఎవడో ఈ పద్ధతి తెలియనివాడు హ్యాండ్ బ్రేక్ లాగి పోయాడు. నాకు ఒళ్లు మండింది.

వాచ్‌మన్ కోసం హారన్ కొడుతుంటే కరెంటు పోయింది. పైన వాన ఎంత పడుతోందో అప్పుడు తెలిసింది. రోడ్డు మీది నీళ్లు ర్యాంపు మీదుగా ఒక్కసారిగా దిగాయి. ఆ సెల్లార్ నేల మా మూల వైపే వాలు. నీళ్లకు ఇటుకలు జరిగాయి. న్యూట్రల్‌లో ఉన్న కార్లు ఒక్కొక్కటే మెల్లగా, డ్రైవర్ లేకుండా, మా వైపు దొర్లుకుంటూ రావడం నా హెడ్‌లైట్ల వెలుగు గోడకు తగిలి వెనక్కి పడితే అద్దంలో చూశాను. ఒకటి వచ్చి చిన్నమ్మ తలుపుకు ఆనుకుని ఆగిపోయింది.

ఇంజన్ స్టార్ట్ చేసి రివర్స్ వేశాను. తెల్ల కారుకు తగిలింది. దాని వెనక ఇంకో స్తంభం. టైర్లు నీళ్లలో గిర్రున తిరిగాయి గానీ అంగుళం జరగలేదు. రెండోసారి తొక్కితే ఇంజన్ ఆగిపోయింది. సైలెన్సర్ నీళ్లలో మునిగినట్టుంది. తాళం తిప్పితే టక్ మంటోంది, అంతే. నాలుగు సార్లు తిప్పాను. ఫోన్‌లో సిగ్నల్ లేదు.

నీళ్లు తలుపు అంచు దాటి లోపలికి వచ్చాయి. ముందు చెప్పులు తడిశాయి, తర్వాత పిక్కలు.

నేను కిటికీ అద్దం దించుకుని ఎలాగో బయటపడగలను. చిన్నమ్మ వల్ల కాదు. నడుముకు బెల్టు, వంగకూడదు, ఎక్కకూడదు. మోసుకుపోదామన్నా కిటికీలోంచి ఆమెను లాగితే ఆపరేషన్ చేసిన చోటు ఏమవుతుందో తెలియదు. మెట్లు అవతలి కొసన ఉన్నాయి. నేను పోయి మనుషుల్ని తెచ్చేలోపు నీళ్లు సీటు దాటితే?

"నువ్వు పోరా. పోయి మందిని తోల్కరా" అంది.

"నిన్ను వదిలి పోను."

"నర్సింగా, నా మాటిను. ఇద్దరం గీడనే ఉండి ఏం చేస్తం?"

నేను కదల్లేదు. ఆమె నన్ను తిట్టలేదు. నాకు అన్నిటికంటే భయం వేసింది అప్పుడే. చిన్నమ్మ తిట్టడం మానేసిందంటే ఆమెకూ దారి తోచలేదన్నమాట. ఆమె చెయ్యి పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

అప్పుడు బండి వెనక ఎడమ మూల దిగింది.

నీళ్లు ఊపినట్టు కాదు. ఎవరో చేతులానించి అదిమినట్టు దిగి, ఒక్కసారి లేచి, ఆగింది. పాత షాకబ్జర్లతో అయితే నాకు తేడా తెలిసేది కాదు, ఎప్పుడూ ఊగుతూనే ఉండేవి కదా.

"ఎవలో బండి మీద చెయ్యేసిన్రు" అంది చిన్నమ్మ. ఆమె గొంతులో భయం లేదు, ఆశ ఉంది. వాచ్‌మన్ అనుకుంది.

అద్దంలో చూశాను. వెనక ఎవరూ లేరు. వెనక కుడి మూల దిగింది, లేచింది. కాసేపు ఆగి ముందు కుడి. అది నా మోకాలికి రెండడుగుల దూరం. హెడ్‌లైట్ల వెలుగులో బానెట్ వంగడం కళ్లారా చూశాను. బానెట్‌కు, గోడకు మధ్య మనిషి పట్టేంత సందు లేదు. తర్వాత ముందు ఎడమ.

ఆ తర్వాత డాలా మీద దెబ్బలు. ఒకటి, రెండు, మూడు. గట్టిగా కాదు. తొందరేం లేనట్టు.

నేను ఆలోచించలేదు. నా చెయ్యి తాళం తిప్పింది. ఇంజన్ అందుకుంది. రివర్స్ వేసి తొక్కితే బండి దేనికీ తగలకుండా వెనక్కి వెళ్లింది. తెల్ల కారు పక్కకు తిరిగి ఉంది, చిన్నమ్మ తలుపుకు ఆనిన కారూ జరిగి ఉంది. బండి సగం తిరిగేంత చోటు దొరికింది. నాలుగు చక్రాల గేరు వేసి, నీళ్లను చీల్చుకుంటూ ర్యాంపు ఎక్కేశాను.

పైన వాచ్‌మన్, ఇద్దరు దుకాణాల వాళ్లు ఇసుక బస్తాలు వేస్తున్నారు. మమ్మల్ని చూసి వాచ్‌మన్ నోరు తెరిచాడు. "లోపట మీరున్నరా సార్? మేము అరగంట సంది గీడనే ఉన్నం. ఒక్కరు గూడ కిందికి పోలే" అన్నాడు.

నీళ్లు తోడాక వెళ్లి చూశాను. తెల్ల కారు యజమాని, ఆ బిల్డింగులో కొత్తగా ఆఫీసు తీసుకున్నాయన, నా ముందే తాళం తీశాడు. హ్యాండ్ బ్రేక్ లాగినది లాగినట్టే ఉంది. ఫస్ట్ గేరులో ఉంది. అది నీళ్లకు తేలి పక్కకు జరిగి ఉంటుందని మా బావమరిది అన్నాడు. సరే, చిన్న కారు, జరిగి ఉండొచ్చు. ఇంజన్ కూడా దానంతట అదే అందుకుని ఉండొచ్చు. మరి నాలుగు మూలలూ ఆ వరసలో ఎవరు అదిమారంటే అతను మాట మార్చాడు.

బండిలో నీళ్లు దిగాయేమో చూపిద్దామని రసూల్ భాయ్ దగ్గరికి వెళ్లాను. అంతా చెప్పాను. బండి కింద పడుకుని పని చేస్తూనే విన్నాడు. డాలా దగ్గరికి వచ్చేసరికి పానా చప్పుడు ఆగింది.

"ఎన్ని సార్లు కొట్టిండు?"

"మూడు."

బయటికి వచ్చి, నేల మీదే కూర్చున్నాడు. "నేను రెండే కొడత సాబ్. మూడు మా ఉస్తాద్ కొడుతుండె. పని నేర్చుకున్న శాగిర్ద్ అన్నోడు ఒకటి తక్కువ కొట్టాలె. గది మా కాడ అదబ్, పెద్దోళ్లకిచ్చే మర్యాద."

ఉస్తాద్ ఎక్కడున్నాడని అడిగాను. పోయి ముప్పై ఏళ్లయిందట. ప్రమాదం ఏమీ కాదు, కాచిగూడలో తన ఇంట్లో, మంచం మీదే పోయాడు. ఆ కాంప్లెక్స్‌తో ఆయనకు ఏ సంబంధమూ లేదు. నా బండిని చూసే అవకాశమే లేదు.

"గట్టిగ కొట్టిండా, మెల్లగనా?" అని అడిగాడు.

తొందరేం లేనట్టు కొట్టాడని చెప్పాను. రసూల్ భాయ్ తల ఊపాడు. ఆయిల్ గుడ్డతోనే కళ్లు తుడుచుకున్నాడు.

"ముప్పై ఏండ్ల సంది ఒక్కసారి గూడ నా కాడికి రాలే. నీ కాడికి ఎట్లొచ్చిండు సాబ్?"

అదే మాట చిన్నమ్మను అడిగితే, "ఎవలైతే ఏందిరా, పని తెలిసినోడు" అని ఊరుకుంటుంది.

బండి ఇప్పటికీ రసూల్ భాయ్ దగ్గరికే వెళ్తుంది. పని అయ్యాక నాలుగు మూలలూ అదిమి, వెనక్కి వెళ్లి, డాలా మీద రెండు సార్లు కొడతాడు. నేను వెంటనే తాళం తిప్పను. పక్కన చిన్నమ్మ ఉంటే ఆమె కూడా పొమ్మని తొందరపెట్టదు. అద్దంలో రసూల్ భాయ్ చెయ్యి డాలా మీదే ఉంచి నిలబడి కనిపిస్తాడు. ముగ్గురం మూడో దెబ్బ కోసం చెవి ఒగ్గి వింటాం.