ఫ్లాపీకి పెట్టిన బొట్టు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆఫీసులో అందరికీ తెలుసు. ఎనభైల చివర్లో, గుంటూరు దగ్గర ఒక మిరప పరిశోధన కేంద్రంలో కొత్తగా చేరిన రోజులవి. మా పెద్ద సైంటిస్టు డాక్టరు గారు పదకొండేళ్లుగా ఒక మిరప రకాన్ని తయారు చేస్తున్నారు. ఆ శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి హైదరాబాదు నుంచి కమిటీ వస్తోంది. వాళ్లు సరేనంటే ఆ విత్తనం ఆ ఏడే రైతుల చేతికి వెళ్తుంది. కాదంటే ఆయన మళ్లీ ఏడాది ఆగాలి.

పదకొండేళ్ల దిగుబడుల్ని బొమ్మలుగా చేసి కంప్యూటర్లో చూపిస్తానని బీరాలు పలికింది నేను. ఆయన చార్టులు గీయిద్దామంటే, "ఇంకా చార్టులేంటండీ, పాత చింతకాయ పచ్చడి" అన్నదీ నేనే.

ఉదయం పదింటికి, ఆ బొమ్మలు దాచిన ఫ్లాపీని కంప్యూటర్లో పెట్టి చూస్తే ఫైలు తెరుచుకోలేదు. చదవలేకపోతున్నాను, మళ్లీ చూడనా, మానేయనా అని తెర మీద ఇంగ్లీషులో ఒకటే ప్రశ్న. మళ్లీ చూడమన్నాను. పది సార్లు చూడమన్నాను. మెషీను ఆపి మళ్లీ పెట్టాను. ముందు కరెంటును తిట్టాను, తర్వాత అటెండరును తిట్టాను. గది ఊడ్చి దుమ్ము రేపాడని నా అనుమానం.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు నన్నంటారేంటి మేడం గారూ? నేను దాని జోలికెళ్తే ఒట్టు" అన్నాడతను.

వేరే ఫ్లాపీ పెడితే ఠక్కున తెరుచుకుంది. అంటే మెషీను బాగానే ఉంది, జబ్బు నా ఫ్లాపీకే. అప్పుడే డాక్టరు గారు పొలం నుంచి వచ్చారు.

"ఇంకో కాపీ ఉందా అమ్మా?"

"లేదండి. ఇదొక్కటే."

ఆయన రెండు తిట్లు తిట్టినా బాగుండేది. "ఇటివ్వు. తెగులు పట్టిన ఆకు అనుకుని చూద్దాం" అని కిటికీ దగ్గరికి పట్టుకెళ్లి, జేబులోంచి భూతద్దం తీశారు. చదరపు అట్ట మధ్య కోలగా ఒక సందు ఉంటుంది కదా, అక్కడ చాలాసేపు చూశారు.

"ఇది పసుపమ్మా" అన్నారు.

మా నాన్నగారు గుళ్లో అర్చకులు. మా ఇంట్లో కొత్త చేటైనా, కొత్త స్టవ్వైనా బొట్టు పెట్టకుండా వాడరు. ఆ ఉదయం మంచి పనికి వెళ్తోందని ఫ్లాపీకీ తడిపిన పసుపు, దాని మీద కుంకుమ పెట్టాను. ఆ సందే దాని ముఖం అనుకున్నాను.

"నేనేనండి. నేనే పెట్టాను" అన్నాను. అటెండరు వైపు చూడలేకపోయాను.

"పెడితే పెట్టావులే. కాస్త పక్కకు పెట్టాల్సింది" అన్నారాయన. "లోపల ఏముంటుంది?"

"గుండ్రటి పొర ఉంటుందండి. అంతా దాని మీదే ఉంటుంది."

"కడిగితే చెరిగిపోతుందా?"

"తెలీదండి."

మిరప పూలను సంకరం చేసేటప్పుడు మొగ్గ విప్పి పుప్పొడి తిత్తులు తీసే చిన్న పట్టకారు ఒకటి ఆయన దగ్గరుంది. బ్లేడుతో అట్ట అంచు కోసి, దాంతోనే ఆ పొరను బయటికి లాగారు. అప్పడమంత ఉంది. గోధుమరంగులో నున్నగా మెరుస్తోంది. దాని మీద గీత లేదు, అక్షరం లేదు. పదకొండేళ్ల వానలూ, ఎండలూ, వేలాది మొక్కలూ ఇందులో ఉన్నాయా? ఎక్కడున్నాయి? నాకు ఒళ్లు జలదరించింది. తయారు చేసింది నేనే, అయినా నమ్మబుద్ధి కాలేదు.

ల్యాబులోని డిస్టిల్డ్ వాటర్లో మెల్లగా ఆడిస్తే పసుపు కరిగి దిగిపోయింది. మెత్తటి గుడ్డ మీద ఆరబెట్టాం. కొత్త ఫ్లాపీ ఒకటి కోసి, దాని అట్టలో దీన్ని దూర్చాం. మెషీను లోపల స్పిరిట్టు అద్దిన దూదితో తుడిచాను. ఒంటిగంటన్నరకు మీట నొక్కితే కాసేపు గరగరమంది. తర్వాత పచ్చటి తెర మీద మొదటి బొమ్మ, ఒక్కో గీతగా పైనుంచి దిగింది.

ఆయన కుర్చీలో అలాగే కూర్చుండిపోయారు. "ఒక్కో మొక్కనే చూశానమ్మా ఇన్నాళ్లూ. అన్నిటినీ ఒక్కచోట ఎప్పుడూ చూడలేదు" అన్నారు.

ఐదు బొమ్మల్లో నాలుగు వచ్చాయి. ఐదోది రాలేదు. అది కనిగిరి మెట్టపొలాల బొమ్మ. మూడేళ్లు వేస్తే, వాన తప్పిన రెండేళ్లూ అక్కడ ఆ రకం చతికిలపడింది. కమిటీకి పంపిన కాగితాల్లో అన్ని ఊళ్ల సరాసరి మాత్రమే ఉంది. కాబట్టి ఆ సంగతి ఆయనకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. పీడా పోయిందనుకున్నాను.

కమిటీ వాళ్లు తెర చుట్టూ చేరి నాలుగు బొమ్మలూ కళ్లప్పగించి చూశారు. "ఇంకేం కావాలండీ, సంతకాలు పెట్టేద్దాం" అన్నారు వాళ్లలో పెద్దాయన.

"ఐదో బొమ్మ ఉందండి. పాడైపోయింది. అది చూడకుండా పెట్టకండి" అన్నారు మా డాక్టరు గారు.

లేచి సుద్దముక్క తీసుకుని, కాగితం చూడకుండా, ఏ ఏడు ఎంత వానపడిందో, ఎన్ని కాయలు నిలిచాయో చెప్తూ నల్లబల్ల మీద కిందికి జారే గీత గీశారు. నేను నోరు తెరుచుకుని ఆయన వీపు వైపే చూస్తూ కూర్చున్నాను. అంతకు ముందు ఆ పొరను చూసినప్పుడు కూడా నాకు అంత ఆశ్చర్యం కలగలేదు.

"మరి ఇంకో ఏడాది ఆగాలి కదండీ మీరు" అన్నారు పెద్దాయన.

"ఆగాలండి."

వాళ్ల జీపు వెళ్లిపోయాక నాకు ఏడుపు ఆగలేదు. "ఆ బొమ్మ రానందుకు నేను సంతోషించానండి" అనేశాను.

"నేనూ సంతోషించానమ్మా" అన్నారాయన, చేతికంటిన సుద్ద దులుపుకుంటూ. "రేపు పొద్దున కనిగిరి బస్సు ఎన్నింటికో కనుక్కో. మళ్లీ అక్కడే వేద్దాం."